గట్టు బుడబుడమంటే

తెలుగు వాచకాల్లో ధ్వన్యనుకరణ పదాలకు ఎక్కడో పాఠం చివర కాస్త చోటు ఉంటుంది. ఎడమవైపు గలగల, కిలకిల, జలజల, చిటపట. కుడివైపు గాజులు, నవ్వు, కన్నీళ్ళు, చినుకులు. గీతలు గీసి జతపరిస్తే మార్కులు. పిల్లలు రెండు నిమిషాల్లో గీసేస్తారు, టీచర్లం రెండు నిమిషాల్లో దిద్దేస్తాం. ఆ మాటల పని అంతటితో అయిపోతుంది. ఆ వరుసలో బుడబుడ ఎప్పుడో గాని కనబడదు. కనబడినా దానికి ఎదురుగా 'నీటి బుడగలు' అని ఉంటుంది.

అది తప్పని మేం అనం. కానీ ఆ మాటను మా యానాదులు వాడే తీరు వేరు. దివిసీమ లంకల్లో, బందరు చుట్టుపక్కల, గుడివాడ వైపు కాల్వగట్ల మీద బతికేవాళ్ళం మేం. చేపలు, పీతలు పట్టడం, చేలల్లో ఎలుకలు పట్టడం మా పెద్దల పని. గోండులకు గోండి ఉంది, కోయలకు కోయ ఉంది, సవరలకు సవర ఉంది. మాకు వేరే భాష లేదు, తెలుగే. ఇతర తెగల టీచర్లతో కూర్చున్నప్పుడు "మరి మీ భాష ఏది సార్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు చాలాకాలం నవ్వి ఊరుకున్నాం. ఇప్పుడైతే మా భాష తెలుగులోనే ఉంది, చప్పుళ్ళ మాటల్లో చూడండి అంటున్నాం.

దీన్ని రాయడానికి ఒక నోటుబుక్కు కారణం. మా పల్లె పిల్ల ఒకామె ఏడో తరగతి, వేరే బడిలో చదువుతోంది. కృష్ణకు వరద వచ్చిన రోజుల గురించి వ్యాసం రాయమంటే రాసింది. అందులో ఒక వాక్యం: 'గట్టు బుడబుడమంది, మా నాన్న పరిగెత్తాడు.' దిద్దిన టీచరు 'బుడబుడమంది' మీద ఎర్రగీత కొట్టి పైన 'శబ్దము చేసినది' అని రాశారు. పక్కన 'గ్రామ్యం' అని కూడా రాశారు. ఆ పిల్ల బుక్కు తెచ్చి మాకు చూపించి ఒకటే అడిగింది: "సార్, గట్టు శబ్దం చేస్తే మా నాన్న ఎందుకు పరిగెత్తుతాడు?"

ఆ టీచరు చెడ్డమనిషేమీ కాదు. మనందరికీ ట్రైనింగులో నేర్పింది అదే. చప్పుడు మాట చిన్నపిల్లల మాట, కథలో అయితే ముద్దు, వ్యాసంలో అయితే తప్పు. కానీ ఆ పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పాలి. గట్టు సణిగినా శబ్దమే, చెట్టు కొమ్మ విరిగినా శబ్దమే, కప్ప అరిచినా శబ్దమే. బుడబుడమంటే మాత్రం మనిషి లేచి పరిగెత్తాలి. దిద్దుబాటులో పోయింది అలంకారం కాదు, కబురు.

బుడబుడకు అర్థం చెప్పాలంటే ముందు ఏది బుడబుడ కాదో చెప్పాలి. పొయ్యి మీద నీళ్ళు సలసల కాగుతాయి. అన్నం కుతకుత ఉడుకుతుంది. చేపల పులుసు తుకతుకలాడుతుంది. నూనెలో కరివేపాకు వేస్తే చిటపట. ఇవన్నీ వేడి మీద పుట్టే చప్పుళ్ళు. వీటిలోనూ బుడగలు ఉన్నాయి, కానీ మా ఇళ్ళల్లో ఆడవాళ్ళెవరూ "పులుసు బుడబుడ ఉడుకుతోంది" అనరు. అంటే పక్కవాళ్ళు నవ్వుతారు. బుడబుడ చల్లనీళ్ళ మాట. ఒక చోటికి నీళ్ళు పోతుంటే, అక్కడ ఉన్న గాలి అదే దారిలో బయటికి రావాల్సి వస్తే పుట్టే చప్పుడు అది. నీరూ గాలీ ఒకే గుమ్మం దగ్గర తోసుకుంటాయి. ఒక గుటక నీరు లోపలికి, ఒక బుడగ గాలి బయటికి. అందుకే ఆ మాట రెండుసార్లు. ఒక్కసారే అయితే బుడుంగు. రాయి పడితే బుడుంగుమంటుంది, మనిషి మునిగితే బుడుంగున మునిగాడంటారు. బుడుంగు అయిపోయిన పని, బుడబుడ జరుగుతున్న పని. క్రియలకు కాలాలు చెప్పే వ్యాకరణంలో ఈ తేడా ఎక్కడా లేదు, మా పిల్లలకు మాత్రం అయిదేళ్ళకే తెలుసు.

ఎలుకలు పట్టేవాళ్ళకు ఇదే లెక్క. కోతలయ్యాక చేలగట్ల మీద కలుగులు వెతుకుతారు. పంట కంకులు లోపల దాచుకుని ఉంటాయి ఎలుకలు. కలుగుకు ఒక నోరే ఉండదు, తప్పించుకోడానికి వేరే దారి పెట్టుకుంటుంది. కుండలో గడ్డి రాజేసి పొగ ఊదడం ఒక పద్ధతి, నీళ్ళు పొయ్యడం ఇంకొకటి. నీళ్ళు పోసి చెవి పెడతారు. బుడబుడమని గాలి వెనక్కి వస్తే దానికి ఇంకో నోరు లేదు, ఉన్నా మట్టితో మూసి ఉంది. ఇక్కడే కాచుకోవచ్చు. చప్పుడు లేకుండా నీళ్ళు సాఫీగా దిగిపోతుంటే గాలి వేరే దారిన పోతోందని అర్థం. ఆ దారిన ఎలుక కూడా పోతుంది. అప్పుడు ఒకడు ఇక్కడ ఉంటాడు, ఇంకొకడు గట్టు అవతలికి పరిగెత్తుతాడు.

దీన్ని మేం బడిలో సామాన్యశాస్త్రం పాఠంగా చెబుతాం. సన్నమూతి సీసా ఒకటి, వెడల్పు గిన్నె ఒకటి, అడుగున చిల్లు పెట్టిన ప్లాస్టిక్ సీసా ఒకటి, ఒక బకెట్టు నీళ్ళు. సన్నమూతి సీసాను పక్కకు ముంచితే బుడబుడ. గిన్నెను వాల్చి ముంచితే ఏమీ అనదు, దాని నోరు గాలికీ నీటికీ సరిపోతుంది. చిల్లు సీసాను నిలువుగా దించితే నీళ్ళు అడుగునుంచి ఎక్కుతాయి, గాలి పైనుంచి పోతుంది, అది కూడా చప్పుడు చెయ్యదు. గాలి చోటును ఆక్రమిస్తుందని పుస్తకంలో ఉన్న వాక్యం మా పిల్లలకు కొత్త కాదు. వాళ్ళ తాతలు కలుగు దగ్గర చెవి పెట్టి తెలుసుకున్నదే. ఈ ప్రయోగానికి పైసా ఖర్చు లేదు, టీచర్ మిత్రులు చేసి చూడండి.

సముద్రం వైపు పోతే ఇంకో వాడుక. నాగాయలంక దాటి ఎదురుమొండి, నాచుగుంట వైపు మడ అడవుల్లో పాటు సమయానికి నీళ్ళు దిగిపోయి బురద బయటపడుతుంది. పీతల కన్నాలు అప్పుడు కనబడతాయి. ఇనపకొక్కెం లోపలికి పోనిచ్చి, పీత దాన్ని పట్టుకుంటే మెల్లగా లాగుతారు. తిరిగి పోటు ఎక్కుతుంటే కన్నాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి బుడబుడమంటాయి. దూరంనుంచి మొదలై దగ్గరికి వస్తుంది ఆ చప్పుడు. గడియారం లేని చోట అదే గడియారం. కన్నంలో చెయ్యి పెట్టి వంగి ఉన్న మనిషికి సముద్రం ఎంత దూరంలో ఉందో తల ఎత్తకుండానే తెలుస్తుంది. అప్పుడు కొక్కెం తీసుకుని పడవ దగ్గరికి నడవాలి, ఇంకో పీత అని ఆశపడకూడదు.

పట్టిన పీత బుట్టలో పడ్డాక నోటినుంచి నురగ తీస్తుంది. మొప్పల్లో మిగిలిన కాస్త నీటితో గాలి పీల్చుకోడానికి అది పడే పాట్లు అవి. దాన్ని మేం బుడబుడ అనం, బుసబుస అంటాం. జపాన్ వాళ్ళు మాత్రం దానికి ఇంచుమించు మన మాటే వాడతారు: బుకుబుకు.

జపాన్ మాట ఇక్కడికి ఎందుకొచ్చిందంటే, మా పిల్లలు ఫోన్లలో జపాన్ కార్టూన్లు చూస్తారు. అక్కడి బొమ్మల కథల పుస్తకాల్లో చప్పుడు మాటను బొమ్మలో భాగంగా పెద్ద అక్షరాలతో గీస్తారు. తలుపు, వాన, గుండె, కడుపు అన్నిటికీ మాటలే. ఒక పిల్లవాడు ఆ సంగతి చెప్పాక మాకూ ఆసక్తి పుట్టి చదివాం. బుకుబుకు అంటే నీళ్ళలో బుడగలు రావడం. పీత నురగ కక్కడం. నోట్లో నీళ్ళు పోసుకుని బుగ్గలు ఉబ్బించి పుక్కిలించడం కూడా బుకుబుకే. అదే గొంతులో నీళ్ళు ఆడిస్తే గరగర. వాళ్ళ చిన్నపిల్లల బళ్ళల్లో పళ్ళు తోముకున్నాక ఏది చెయ్యాలో ఈ రెండు మాటలతోనే చెబుతారు. లావుగా ఉబ్బిన ఒంటికీ, వదులుగా ఉబ్బిన బట్టలకూ కూడా బుకుబుకు అంటారు. అక్కడ చప్పుడే లేదు, ఉబ్బు మాత్రమే ఉంది.

మాకు నచ్చింది ఇంకొకటి. జపాన్‌లో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు ముందు నీళ్ళలో మొహం ముంచి బుకుబుకుమని గాలి వదలమంటారు. తర్వాత తల పైకెత్తి 'పా' అనమంటారు. 'పా' అన్నప్పుడు నోరు తెరుచుకుని గాలి దానంతటదే లోపలికి వస్తుంది. మా కాల్వల్లో తాతలు మనవళ్ళకు చెప్పేది అదే. "ముక్కు మూసుకోమాకరా, బుడబుడ ఊదు." కొలను గట్టున ఈల వేసే కోచ్ ఒకరు, గోచీ కట్టుకుని కాల్వలో నిలబడ్డ తాత ఇంకొకరు, ఇద్దరూ ఒకే పాఠం, దాదాపు ఒకే మాటతో చెబుతున్నారు.

దీన్ని చూసి తెలుగూ జపనీసూ అక్కాచెల్లెళ్ళని ఎవరైనా అంటే నమ్మకండి. పోలిక నోటి వల్ల వచ్చింది. 'బు' అనాలంటే పెదాలు మూసి బుగ్గల్లో గాలి నింపి వదలాలి. బుడగ ఎలా పుడుతుందో ఆ అక్షరమూ అలాగే పుడుతుంది. మన భాషలో చూడండి: బుగ్గ, బుడగ, బుంగ, బుడిపె, బుంగమూతి, బూర. నీళ్ళు ఉబికే ఊటను కూడా బుగ్గ అంటాం. అన్నీ ఒక మూలంనుంచి వచ్చాయని మేం అనడం లేదు, నోట్లో అన్నీ ఉబ్బుతాయి అంటున్నాం. 2001లో రామచంద్రన్, హబ్బార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక గుండ్రటి బొమ్మ, ఒక కోసుల బొమ్మ చూపించి, వీటిలో ఏది 'బూబా', ఏది 'కికీ' అని అడిగారు. అమెరికా విద్యార్థులూ, ఇక్కడి తమిళులూ దాదాపు అందరూ గుండ్రటిదే బూబా అన్నారు. మీ తరగతిలో రెండు బొమ్మలు గీసి అడగండి. కోయ పిల్లలైనా, లంబాడీ పిల్లలైనా ఏం చెబుతారో చూడండి.

జపాన్ వాళ్ళ దగ్గర ఇంకో కిటుకు ఉంది. చిన్నరాయి దొర్లితే కొరొకొరొ, పెద్దబండ దొర్లితే గొరొగొరొ. అక్షరం బరువెక్కితే వస్తువూ బరువెక్కుతుంది. మనకూ ఆ కిటుకు ఉంది, ఎవరూ సూత్రంగా నేర్పలేదు అంతే. చినుకులు టపటప పడతాయి, తలుపు దబదబ బాదుతారు. తారుమారు చేసి చెబితే చిన్నపిల్లవాడు కూడా ఒప్పుకోడు.

వ్యాకరణం గురించి టీచర్లకు ఒక ముక్క. చాలామంది బుడబుడను ఆమ్రేడితం అని చెప్పేస్తుంటారు. ఆమ్రేడితంలో మాట విడదీస్తే రెండు ముక్కలకూ అర్థం ఉంటుంది. ఊరూరు అంటే ఊరు, ఊరు. బుడబుడను విడదీస్తే 'బుడ' మిగులుతుంది, దానితో మీరు ఏ పనీ చెయ్యలేరు. సగం చేసి చూపించలేని పని లాంటిది ఈ మాట. పుట్టుకతోనే జంట. దీనికి 'మని' చేర్చి బుడబుడమని, 'మను' చేర్చి బుడబుడమంది, 'లాడు' చేర్చి బుడబుడలాడింది అంటాం. ఒక మాటకు ఇన్ని తోకలు ఉన్నాయంటే అది భాషలో మూల కూర్చున్న మాట కాదు, పని చేస్తున్న మాట.

ఇది పండితులు గుర్తించని విషయమేం కాదు. తోడ, కోత, కొలామీ భాషల మీద ఏళ్ళతరబడి పనిచేసిన ఎమెనో అనే అమెరికా పండితుడు 1969లో భారతదేశపు ధ్వన్యనుకరణల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. ఇలాంటి జంటమాటలు ద్రావిడ భాషలకూ, ఉత్తరాది భాషలకూ ఉమ్మడి సొత్తు, ఇరుగుపొరుగుగా బతికి పంచుకున్నవి అన్నది ఆయన చూపించిన విషయం. ఆదివాసీ భాషల్లో నేర్చుకున్న చెవితో ఆయన దేశమంతటినీ విన్నాడని మేం అనుకుంటాం. ముండారీ భాష సంగతి ఇంకా విశేషం. జపాన్ పండితుడు తోషికి ఒసాదా ముండా మనుషులతో కలిసి పనిచేసి, ఆ భాషలోని ఇలాంటి మాటలకే విడిగా ఒక నిఘంటువు తయారుచేశారు. చప్పుడు, మెరుపు, నడక, వాసన, మొహంలో కోపం, అన్నిటికీ ఉన్న జంటమాటలు దాంట్లో వరుసగా ఉన్నాయి. ఒక ఆదివాసీ భాషలో 'గ్రామ్యం' అని కొట్టేసే మాటలకు ఏకంగా పుస్తకం. సవర కూడా ముండా కుటుంబపు భాషే. సీతంపేట, పార్వతీపురం వైపు సవర టీచర్లు ఈ పుస్తకం సంగతి తెలుసుకోవాలి.

ఇక ఆ పిల్ల రాసిన గట్టు దగ్గరికి వద్దాం.

కృష్ణ వరదకు దివిసీమను కాసేది కరకట్ట. 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరులోనూ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళన్నీ సముద్రంలోకి పోయేది ఈ లంకల మధ్యనుంచే. అలాంటి రోజుల్లో కట్టకు ఏటివైపు నీళ్ళు ఎత్తుగా నిలబడతాయి, ఊరివైపు నేల కింద ఉంటుంది. కట్టలో ఎలుక కలుగో, పీత కన్నమో, ఎండిపోయిన చెట్టు వేరు వదిలిన సందో ఉంటే నీళ్ళు దాంట్లోకి దూరతాయి. లోపల ఉన్న గాలిని నెట్టుకుంటూ వస్తాయి. ఊరివైపు కట్ట మొదట్లో ముందు వినిపించేది బుడబుడ. తర్వాత తడి కనబడుతుంది, తర్వాత ధార. దాన్ని బుంగ పడటం అంటారు. బుంగ పెద్దదైతే గండి. గండి పడ్డాక ఇక దానికి చెప్పే మాట చప్పుడు మాట కాదు.

బుడబుడ విన్నవాడు ముందు చూడాల్సింది నీటి రంగు. తేటగా వస్తే కాస్త తెరిపి ఉంది, కాపలా పెట్టి చూడొచ్చు. బురదగా వస్తే కట్ట లోపలి మట్టిని మోసుకొస్తోందని అర్థం, దారి నిమిష నిమిషానికి వెడల్పవుతోంది. చాలామంది కంగారులో ఒక బస్తా తెచ్చి సరిగ్గా ఆ నోటి మీదే వేసి తొక్కుతారు. లోపల వత్తిడి తగ్గదు గనక నీళ్ళు పక్కన ఇంకో నోరు చేసుకుంటాయి. చెయ్యాల్సింది దాని చుట్టూ ఇసుకబస్తాలు బావి గోడలా పేర్చడం. బుంగ నీళ్ళే ఆ బావిలో నిలబడి ఎదురు బరువవుతాయి, ధార నెమ్మదిస్తుంది, మట్టి కొట్టుకురావడం ఆగుతుంది. నీళ్ళ ఇంజనీర్లు చెప్పే పద్ధతి ఇదే. కలుగుల్లో నీళ్ళు పోసి ఎలుకను తరిమే మా వాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు, నీళ్ళను ఒక నోటి దగ్గర ఆపితే ఇంకో నోరు వెతుక్కుంటాయని వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. ఆ పిల్ల తండ్రి పరిగెత్తింది భయంతో కాదు, బస్తాల కోసం. 'గట్టు శబ్దము చేసినది' అన్న వాక్యంలో ఆ బస్తాలు లేవు.

అదే 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో పెద్ద భాగం మునిగింది. ఆ నీళ్ళే తర్వాత గుడివాడ అవతల నందివాడ వైపు పొలాల్లోకి దిగాయి. బుడమేరు పేరులోనే బుడ ఉంది కదా సార్ అని పిల్లలు నవ్వారు. మేమూ నవ్వాం. పేరుకు అర్థం అలా ఊహించి చెప్పకూడదని మాత్రం చెప్పాం.

ఈ మాటకు ఇంకో ముఖం ఉంది, పెద్దలు దాని గురించి ఎక్కువ మాట్లాడరు. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన రోజు. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల ప్రాణాలు పోయిన ఉప్పెన అది. అంతకు ముందు 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారు. దాన్ని చూసినవాళ్ళు ఇప్పుడు లేరు, 77ను చూసినవాళ్ళు ఉన్నారు. గాలికీ సముద్రానికీ వాళ్ళు వాడేది హోరు. హోరును అందరూ చెబుతారు, పుస్తకాల్లోనూ రాశారు. మా నాయనమ్మ చెప్పింది వేరు. వాళ్ళ గుడిసె సముద్రానికి కాస్త లోపలగా, కాల్వగట్టు మీద ఉండేది. అక్కడికి నీళ్ళు గోడలా రాలేదు, చీకట్లో మెల్లగా ఎక్కాయి. దీపం లేదు. ముందు నేల మీద పెట్టిన నీళ్ళకుండ బుడబుడమంది. తర్వాత పొయ్యిగట్టు మీది చట్టి. తర్వాత ఉట్టి కింద గూట్లో పెట్టిన గింజల ముంత. ఏ పాత్ర ఎంత ఎత్తులో ఉందో ఇంటి ఆడమనిషికి తెలియకుండా ఉండదు. ముంత చప్పుడు వినగానే పిల్లల్ని తీసుకుని బయటపడి తాడిచెట్టు దగ్గరికి చేరింది. మా చిన్నప్పుడు కాల్వలో సీసాలు ముంచి ఆడుకుంటుంటే ఆవిడ గట్టునుంచి కేకలేసేది, "ఆపండ్రా ఆ బుడబుడలు" అని. ఎందుకు తిడుతుందో మాకు పెద్దయ్యేదాకా ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి మాటలు ఇప్పుడు పల్లెల్లో తగ్గాయా అంటే, తగ్గాయి. కాల్వల్లో చేపలు పట్టనివ్వరు. చేలు చెరువులయ్యాయి, గట్ల మీద కలుగులు వెతికే పని పోయింది. గుడివాడ, కైకలూరు, బందరు వైపు ఎటు చూసినా చేపల చెరువులు, వెనామీ రొయ్యల చెరువులు. మా వాళ్ళు చాలామంది ఆ చెరువుల మీద కాపలా ఉంటున్నారు. గట్టు మీదే పాక, పిల్లలతో సహా అక్కడే. పీత కన్నం బుడబుడ ఆ పిల్లలు వినలేదు. వాళ్ళు పుట్టినప్పటినుంచి వింటున్నది ఏరియేటర్ చప్పుడు. చెరువులో చక్రాలు తిరిగి నీళ్ళు ఎగరేసే యంత్రం అది.

బడిలో చప్పుళ్ళ మాటలు సేకరించడానికి మేం ఒక నోటుబుక్కు పెట్టాం. మాట, ఎక్కడ విన్నారు, ఎవరు చెప్పారు, వింటే ఏం చెయ్యాలి. నాలుగు గళ్ళు. నాలుగో గడి మేం కావాలని పెట్టాం. బుడబుడకు ఇప్పటికి ఏడు వాడుకలు వచ్చాయి. అందులో ఒకటి మాకే తెలియదు: డీజిల్ ఇంజను పైపు బుడబుడమంటే ఎక్కడో గాలి పట్టేసిందని, నీళ్ళు ఎత్తదని, ఆపి పైపు బిగించి మళ్ళీ నీళ్ళు పొయ్యాలని ఆరో తరగతి పిల్లవాడు రాశాడు. ఏరియేటర్ దగ్గర మాత్రం గొడవ వచ్చింది. కొందరు బుడబుడ అన్నారు. కొందరు కాదన్నారు, అక్కడ నీళ్ళను పైనుంచి కొడుతున్నారు గాని గాలి లోపలినుంచి రావడం లేదు కదా అని. దబదబ అని ఒకరు, తపతప అని ఒకరు. వారం రోజులు సాగింది. చివరికి తపతప అని రాశారు. చెరువు మీద పడుకునే పిల్లలది పైచెయ్యి అయింది, రాత్రంతా వినేది వాళ్ళే గనక.

నాలుగో గడిలో ఆ పిల్లలు రాసింది ఇది: 'తపతప వినబడితే పడుకోవచ్చు. ఆగిపోతే లేవాలి.' తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. రాత్రంతా నాచూ చేపలూ అన్నీ పీల్చేసి ఉంటాయి, వెలుగు వస్తేగాని నాచు మళ్ళీ తయారుచెయ్యదు. ఆ గంటలో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి, రొయ్యలు గట్టుకు చేరతాయి. జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే సరుకు పోతుంది, కాపలావాడి జీతం పోతుంది. కాబట్టి నిద్రలో ఉన్న మనిషిని లేపేది చప్పుడు కాదు, చప్పుడు ఆగిపోవడం.

దానికి ఏం మాట రాయాలని పిల్లలు అడిగారు. జపాన్ వాళ్ళకు చప్పుడు లేకపోవడానికి కూడా చప్పుడు మాట ఉంది, 'షీన్' అని. మనకు నిశ్శబ్దం ఉంది గాని అది పుస్తకం మాట, దాంతో ఎవరూ నిద్ర లేవరు. సద్దుమణగడం ఉంది, అది నెమ్మదిగా జరిగేది. ఏరియేటర్ ఒక్కసారిగా ఆగుతుంది. పిల్లల తల్లులను అడిగితే "ఆగిపోయిందయ్యో" అని లేస్తామన్నారు, అంతే. ఆ వరుసలో మొదటి గడి ఖాళీగా ఉంది. మీ వైపు గూడేల్లో, తండాల్లో, లంకల్లో ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోవడానికి మాట ఉంటే, అది ఏ భాషలోదైనా సరే, ఎప్పుడు వాడతారో కూడా రాసి మాకు పంపండి.